అనుమానితుడే శత్రువు: ఆధునిక యుద్ధంలో ప్రాణాల నిచ్చెన మెట్లు

2021 ఆగస్టు 29న కాబూల్ నగరంలో ఒక తెల్ల టొయోటా కరోలా కారును అమెరికా డ్రోన్లు దాదాపు ఎనిమిది గంటలు వెంటాడాయి. కారు ఎక్కడ ఆగింది, ఎవరు ఎక్కారు, డిక్కీలో ఏం పెట్టారు, అన్నీ పైనుంచి చూస్తూనే ఉన్నారు. సాయంత్రం కారు ఇంటి ముంగిట్లోకి చేరగానే హెల్‌ఫైర్ క్షిపణి పేల్చారు. పది మంది చనిపోయారు. వారిలో ఏడుగురు పిల్లలు. మూడు రోజుల తర్వాత అమెరికా త్రివిధ దళాల ఉమ్మడి అధిపతి మార్క్ మిల్లీ దాన్ని న్యాయమైన దాడి అన్నారు. విలేకరులు తవ్వి తీస్తే తేలిందేమిటంటే, కారు నడిపిన మనిషి ఒక అమెరికన్ సహాయ సంస్థలో ఉద్యోగి. డిక్కీలో పెట్టినవి ఇంటికి తీసుకెళ్తున్న నీళ్ల క్యాన్లు. సెప్టెంబర్ 17న సైన్యం తప్పు ఒప్పుకుంది. డిసెంబర్‌లో ఎవరి మీదా చర్య ఉండదని ప్రకటించింది.

దీన్ని అమెరికా విషాదకరమైన పొరపాటుగా చెప్పింది. నియమం సరిగ్గా ఉండి అమలులో తేడా వస్తే పొరపాటు అనొచ్చు. కాబూల్‌లో నియమమే వేరుగా ఉంది. ఫలానా రకం కారులో, ఫలానా వీధుల్లో, ఫలానా తీరుగా తిరిగే మగవాడు శత్రువు కావచ్చు. కావచ్చని గట్టిగా అనిపిస్తే చంపొచ్చు. ఆ నియమం అనుకున్నట్టే పనిచేసింది.

మామూలు జనానికి యుద్ధంలో యుద్ధనీతి ఇచ్చే రక్షణలు ప్రధానంగా రెండు. మనిషిని అతడు చేసిన పనిని బట్టి మాత్రమే శత్రువుగా చూడాలన్నది మొదటిది. సందేహం ఉంటే ఆ సందేహం అతడి ప్రాణం వైపు మొగ్గాలన్నది రెండోది. గత పాతికేళ్లుగా, మొదట డ్రోన్లతో, ఇప్పుడు కృత్రిమ మేధతో, ఈ రెండూ తలకిందులవుతున్నాయి. కులం కింద బతికిన మనకు ఈ తలకిందుల తర్కం బాగా తెలుసు. కాబట్టే దీని గురించి మాట్లాడాల్సిన బాధ్యత కూడా మనకుంది.

సందేహం ఎవరి వైపు?

యుద్ధనీతి చర్చలో అందరూ ముందుగా తలచుకునే పుస్తకం మైకేల్ వాల్జర్ రాసిన 'జస్ట్ అండ్ అన్‌జస్ట్ వార్స్'. వియత్నాం యుద్ధం ముగిసిన రెండేళ్లకు, 1977లో వచ్చింది. యుద్ధానికి దిగడం న్యాయమా కాదా అన్నది ఒక ప్రశ్న, దిగాక ఎలా పోరాడుతున్నామన్నది మరో ప్రశ్న అని ఆయన వేరు చేసి చూపాడు. కారణం ఎంత న్యాయమైనదైనా ఎవరిని పడితే వాళ్లను చంపే హక్కు రాదు. ఆయుధం పట్టినవాణ్ని, పట్టనివాణ్ని వేరు చేసి చూడాల్సిందే.

వాల్జర్‌తో గట్టిగా విభేదించినవాడు జెఫ్ మెక్‌మహన్. అన్యాయమైన యుద్ధంలో పోరాడే సైనికుడికి, దాన్ని ఎదిరించే సైనికుడికి సమాన నైతిక హోదా ఉండదని 2009లో వచ్చిన 'కిల్లింగ్ ఇన్ వార్'లో వాదించాడు. అయితే ఆ మనిషి ఏం చేశాడు, దానికి అతడి బాధ్యత ఎంత అన్న ప్రశ్న నుంచే ఆయనా మొదలుపెడతాడు. ఏ జాతిలో పుట్టాడు, ఏ వాడలో ఉంటాడు, ఎవరికి తమ్ముడు అన్నవాటిని ఈ ఇద్దరిలో ఎవరూ చంపడానికి కారణంగా ఒప్పుకోరు.

వాల్జర్ పుస్తకం వచ్చిన ఏడాదే జెనీవా ఒప్పందాలకు మొదటి అదనపు ప్రోటోకాల్ కూడా వచ్చింది. అందులో 50వ అధికరణ ప్రకారం ఒక మనిషి పౌరుడా కాదా అన్న సందేహం వస్తే అతణ్ని పౌరుడిగానే పరిగణించాలి. కోర్టులో ముద్దాయికి సంశయలాభం ఎలాంటిదో, యుద్ధంలో పేదవాడికి ఈ నియమం అలాంటిది. తాను శత్రువును కానని ఆకాశంలో ఉన్న డ్రోన్‌కు రుజువు చేసుకునే అవకాశం నేల మీది మనిషికి లేదు. అందుకే రుజువు చేసే భారం చంపేవాడి మీద పెట్టారు. ఈ ప్రోటోకాల్‌లో అమెరికా, ఇజ్రాయెల్ చేరలేదు. భారత్ కూడా చేరలేదు. యోధుణ్ని పౌరుణ్ని వేరు చేయాలన్న మూల సూత్రం మాత్రం సంప్రదాయ అంతర్జాతీయ చట్టంగా అందరికీ వర్తిస్తుంది.

పని నుంచి పోలికకు

2012 మే నెలలో న్యూయార్క్ టైమ్స్ ఒక విషయం బయటపెట్టింది. డ్రోన్ దాడి జరిగిన చోట ఉన్న సైనిక వయసు మగవాళ్లందరినీ ఒబామా ప్రభుత్వం శత్రు యోధులుగానే లెక్కేస్తోంది. చనిపోయాక వాళ్లు అమాయకులని స్పష్టమైన సమాచారం దొరికితేనే లెక్క మారుతుంది. అంటే నిర్దోషిత్వాన్ని శవం రుజువు చేసుకోవాలి. పౌర మరణాలు తక్కువని అప్పట్లో చెప్పిన లెక్కలను ఈ పద్ధతి తెలిసే చదవాలి. పేరు కూడా తెలియని మనుషులను కదలికల తీరును బట్టి గురిపెట్టే 'సిగ్నేచర్ స్ట్రైక్స్' కూడా ఆ కాలంలోనే పాకిస్తాన్, యెమెన్‌లలో నడిచాయి.

2024 ఏప్రిల్‌లో ప్లస్ 972 మ్యాగజైన్, లోకల్ కాల్ అనే రెండు మీడియా సంస్థలు ప్రచురించిన కథనం దీని తర్వాతి మెట్టును చూపింది. పేర్లు వెల్లడించని ఆరుగురు ఇజ్రాయెల్ ఇంటెలిజెన్స్ అధికారుల మాటల ఆధారంగా రాసిన కథనమది. వారి ప్రకారం 'లావెండర్' అనే వ్యవస్థ గాజాలోని మనుషులకు 1 నుంచి 100 దాకా మార్కులు వేస్తుంది. అనుమానితులతో ఒకే వాట్సాప్ గ్రూపులో ఉండటం, తరచుగా ఫోన్లు మార్చడం లాంటివి మార్కులు పెంచుతాయి. యుద్ధం తొలి వారాల్లో అది గరిష్ఠంగా 37,000 మందిని అనుమానితులుగా గుర్తించింది. పది శాతం వరకూ తప్పు ఉంటుందని తెలిసే వాడారు. ఒక్కో పేరును మనిషి పరిశీలించడానికి తాను వెచ్చించింది దాదాపు 20 సెకన్లని, అదీ ముఖ్యంగా లక్ష్యం మగవాడేనా అని చూసుకోవడానికేనని ఒక అధికారి చెప్పాడు. కింది స్థాయి అనుమానితుడు ఒక్కడి కోసం 15 నుంచి 20 మంది పౌరులు చనిపోయినా ఫర్వాలేదన్నారని కూడా ఆ కథనం పేర్కొంది. ఇజ్రాయెల్ సైన్యం దీన్ని ఖండించింది. అది సమాచారాన్ని సరిపోల్చుకునే డేటాబేస్ మాత్రమేనని, ప్రతి లక్ష్యాన్నీ విశ్లేషకులు విడిగా పరిశీలిస్తారని చెప్పింది.

37,000, పది శాతం అన్న రెండు అంకెలూ నిజమైతే తప్పుగా ఆ జాబితాలోకి ఎక్కినవాళ్లు 3,700 మంది దాకా ఉండొచ్చు. వాళ్ల ఇళ్లలో ఉన్నవాళ్లు ఈ లెక్కలోకి రారు. ఫోన్లు మార్చడం యుద్ధంలో చెల్లాచెదురైన జనం చేసే మామూలు పని. వాట్సాప్ గ్రూపు బంధువులదో, బస్తీదో కావచ్చు. యంత్రం చూసేది మనిషి పనిని కాదు, శత్రువుతో అతడికున్న పోలికను. ముట్టడిలో ఉన్న ఇరుకు బస్తీలో అందరూ అందరినీ పోలే ఉంటారు.

ఈ తర్కం మనం చూసిందే

1871లో బ్రిటిష్ ప్రభుత్వం క్రిమినల్ ట్రైబ్స్ చట్టం తెచ్చింది. కొన్ని సమూహాలు పుట్టుకతోనే నేరస్తులని ప్రకటించి, పేర్లు నమోదు చేసి, ఊరు దాటాలంటే అనుమతి తీసుకోమంది. 1911లో చట్టాన్ని మార్చి మద్రాస్ ప్రెసిడెన్సీకీ విస్తరించారు. తెలుగు నేల మీద ఎరుకలవాళ్లు దాని కిందికి వచ్చారు. బాపట్ల దగ్గరి స్టూవర్టుపురం అలా పుట్టిన సెటిల్‌మెంటే. సాల్వేషన్ ఆర్మీ చేతికి అప్పగించిన ఆ ఊరి పేరే దశాబ్దాలపాటు సినిమాల్లో, పోలీసు రికార్డుల్లో దొంగతనానికి మారుపేరైంది.

ఆ చట్టం ఒక్కో మనిషి నేరాన్ని రుజువు చేయలేదు. సమూహానికి మార్కులు వేసి మనుషులను నిఘాలో పెట్టింది. 1952లో అది రద్దయినా, దాని స్థానంలోకి అలవాటు నేరస్తుల చట్టాలు వచ్చాయి. ఆ భావన ఎంత లోతుగా పాతుకుపోయిందంటే, సుకన్య శాంత కేసులో 2024 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు జైలు మాన్యువళ్లలోని కుల నిబంధనలను కొట్టేస్తూ విముక్త జాతుల మీద ఉన్న ముద్రను కూడా ప్రత్యేకంగా ప్రస్తావించాల్సి వచ్చింది. స్టూవర్టుపురం రిజిస్టరుకు, లావెండర్ జాబితాకు మధ్య సాంకేతికంగా పోలికే లేదు. నైతికంగా రెండిటి పునాదీ ఒకటే. నువ్వేం చేశావన్న ప్రశ్న స్థానంలో నువ్వు ఎవరివాడివన్న ప్రశ్న వచ్చి కూర్చుంది.

రాజ్యాలు మాత్రమే ఇలా చేస్తాయనుకోకూడదు. 2023 అక్టోబర్ 7న హమాస్, ఇతర సాయుధ బృందాలు ఇజ్రాయెల్‌లో దాదాపు 1,200 మందిని చంపి, 251 మందిని బందీలుగా పట్టుకుపోయినప్పుడు, 2025 ఏప్రిల్ 22న పహల్గామ్‌లో మతం అడిగి మరీ 26 మందిని కాల్చినప్పుడు పనిచేసింది ఈ తర్కమే. ఆ తర్వాత దేశంలో పలుచోట్ల కశ్మీరీ విద్యార్థుల మీద పడినవాళ్లు, అనుమానిత మిలిటెంట్ల కుటుంబాల ఇళ్లను కూల్చిన అధికారులు కూడా దాన్నే పాటించారు. ఇల్లు కూల్చి శిక్షించడం రాజ్యాంగ విరుద్ధమని 2024 నవంబర్‌లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఒకడి నేరానికి వాడంతటినీ శిక్షించడం అంటే ఏమిటో కారంచేడు, చుండూరు చూసిన సమాజానికి వివరించనక్కర్లేదు.

ఎవరి ప్రాణం ఏ మెట్టు మీద?

కులాన్ని బాబాసాహెబ్ అంబేద్కర్ నిచ్చెన మెట్ల అసమానతగా వివరించారు. ఆధునిక యుద్ధనీతిలోకి ఆ నిచ్చెన ఎలా చేరిందో 2005లో వచ్చిన ఒక వ్యాసంలో చూడొచ్చు. ఇజ్రాయెల్ తత్వవేత్త ఆసా కషేర్, సైనికాధికారి అమోస్ యాద్లిన్ కలిసి రాసిన ఆ వ్యాసం, ఉగ్రవాదంతో పోరాడే రాజ్యం ఎవరి ప్రాణానికి ఎంత బాధ్యత పడాలో వరుస చెప్పింది. పై మెట్టు మీద తన పౌరులు. తర్వాత తన నియంత్రణలో ఉన్న ఇతర అమాయకులు. తర్వాత తన సైనికులు. ఆ కింది మెట్టు మీద తన నియంత్రణలో లేని ప్రాంతంలోని అమాయకులు. అంటే అవతలి వీధిలోని నిరాయుధురాలి ప్రాణం కంటే తుపాకీ పట్టిన మన సైనికుడి ప్రాణం ముందు.

దీనికి 2009లో గట్టిగా జవాబిచ్చినవాళ్లు వాల్జర్, ఇజ్రాయెల్ తత్వవేత్త అవిషాయ్ మార్గలిత్. ఇద్దరూ ఇజ్రాయెల్‌కు శత్రువులు కారు. శత్రువు ఒక ఊరిని ఆక్రమించాడనుకుందాం, అక్కడ చిక్కుకున్నవాళ్లు మన పౌరులైతే మన సైన్యం ఎంత జాగ్రత్తగా కాల్పులు జరుపుతుందో, చిక్కుకున్నది అవతలివాళ్ల పౌరులైనా అంతే జాగ్రత్త పడాలన్నది వారి వాదన. ప్రమాదాన్ని మోయాల్సింది ఆయుధం ఉన్నవాడు. యుద్ధనీతిలో సమానత్వం అంటే ఇదే.

ఆచరణలో నిచ్చెనదే పైచేయి. 2024 ఏప్రిల్ 1న గాజాలో వరల్డ్ సెంట్రల్ కిచెన్ సంస్థ కార్ల మీద ఇజ్రాయెల్ డ్రోన్ దాడి చేసి ఏడుగురు సహాయ కార్యకర్తలను చంపింది. వారిలో ఆస్ట్రేలియా, బ్రిటన్, పోలండ్, అమెరికా పౌరసత్వం ఉన్నవాళ్లున్నారు. ప్రపంచం కదిలింది. నాలుగు రోజుల్లో విచారణ ముగించి ఇద్దరు అధికారులను తొలగించారు. అప్పటికే గాజాలో 180 మందికి పైగా సహాయ కార్యకర్తలు చనిపోయారు. వాళ్లలో అత్యధికులు పాలస్తీనీయులు. వాళ్ల కోసం ఇంత వేగంగా కదిలిన విచారణ లేదు. గాజా ఆరోగ్య శాఖ లెక్క ప్రకారం 2025 నవంబర్ చివరికి అక్కడి మృతులు 70,000 దాటారు. ఆ ఏడుగురి ప్రాణాలకు దొరికిన విలువ తక్కినవాళ్లకూ దొరకాలి.

నిమిత్తమాత్రులు

చంపినవాడు చంపలేదని చెప్పే తత్వం మన నేల మీద పాతదే. గీత మీద రాసిన విమర్శలో అంబేద్కర్ దీన్నే పట్టుకున్నారు. దేహం ఎలాగూ పోయేదే, ఆత్మ చావదు కాబట్టి చంపినా దోషం లేదన్న వాదన హత్య కేసులో ఏ కోర్టు ముందూ నిలవదని ఎత్తిపొడిచారు. చేయి నీదే, కానీ చేసింది నువ్వు కాదు, నువ్వు నిమిత్తమాత్రుడివి అని చెబితే బాధ్యత ఎక్కడికి పోతుంది?

డ్రోన్ యుద్ధంలో ఈ నిమిత్తమాత్రులు చాలా మంది. సమాచారం ఇచ్చినవాడు చంపలేదు. ప్రోగ్రాం రాసినవాడు చంపలేదు. జాబితా తయారు చేసింది యంత్రం. మీట నొక్కినవాడు జాబితాను నమ్మాడు. పై అధికారి పద్ధతి ప్రకారం ఆమోదించాడు. కాబూల్‌లో పది మంది చనిపోయాక ఒక్కరి మీదా చర్య లేకపోవడానికి ఇదే కారణం. తప్పు ఏ ఒక్కరి దగ్గరా లేదు, పద్ధతిలో ఉంది అన్నారు. ఆ పద్ధతిని అమలు చేసినవాళ్లు మాత్రం మనుషులే.

అంబేద్కర్ అన్ని రకాల బలప్రయోగాన్నీ తోసిపుచ్చిన వ్యక్తి కాదు. బెర్ట్రండ్ రస్సెల్ యుద్ధకాలపు పుస్తకాన్ని సమీక్షిస్తూ 1918లో రాసిన వ్యాసంలో, జాన్ డ్యూయీ ఆలోచనను అనుసరించి, వృథాగా ధ్వంసం చేసే బలాన్ని, ప్రయోజనం సాధించే బలాన్ని వేరు చేశారు. 'బుద్ధుడు, ఆయన ధమ్మం'లో చంపాలన్న కోరికను, చంపక తప్పని అవసరాన్ని వేరు చేశారు. ఆయన తండ్రి సైన్యంలో సుబేదారు. 1941లో మహర్ రెజిమెంట్ ఏర్పడటం వెనుక ఆయన కృషి ఉంది. దళితులకు సైన్యం కూలి పనికి, అవమానానికి బయట దొరికిన ఒక దారి కూడా. కాబట్టి మన ప్రశ్న సైనికుడి మీద కాదు. అవసరమా కోరికా అన్నది తేల్చాలంటే ఆలోచించే మనిషి ఉండాలి, తర్వాత జవాబు చెప్పాలి. ఇరవై సెకన్లలో ఆ రెండూ జరగవు.

ఎదుటి వాదన

దీనికి ఒక బలమైన ఎదురు వాదన ఉంది. సాయుధ బృందాలు యూనిఫాం వేసుకోవు, జనం మధ్యే దాక్కుంటాయి, ఆస్పత్రుల కింద సొరంగాలు తవ్వుతాయి. అలాంటి చోట పాతకాలపు బాంబుల కంటే గురి తప్పని డ్రోన్లు, పొరబడని యంత్రాలే తక్కువ మందిని చంపుతాయి కదా? ఒక్కో దాడి వరకూ చూస్తే ఇందులో నిజం ఉండొచ్చు. జనం మధ్య దాక్కోవడం కూడా యుద్ధ నేరమే. అయితే గురి కుదరడం వేరు, సరైన మనిషిని ఎంచుకోవడం వేరు. కాబూల్ క్షిపణి గురి తప్పలేదు, అనుకున్న కారుకే తగిలింది. పైగా చంపడం చౌకై, మన సైనికుడికి ప్రమాదం లేకుండా పోతే దాడుల సంఖ్య పెరుగుతుంది. శత్రువు నియమం తప్పాడని పౌరుడి హక్కు పోదు. ఆ హక్కు శత్రువు ఇచ్చింది కాదు.

మన ప్రమేయం

ఇదంతా ఎక్కడో జరుగుతోందని మనం అనుకోవడానికి లేదు. ఇజ్రాయెల్ బయట హెర్మెస్ 900 డ్రోన్లు తయారుచేసే మొదటి కేంద్రంగా అదానీ, ఎల్బిట్ సంస్థల ఉమ్మడి కర్మాగారం 2018 డిసెంబర్‌లో హైదరాబాద్‌లో మొదలైంది. అక్కడ తయారైన ఇరవైకి పైగా డ్రోన్లు ఇజ్రాయెల్ చేరాయని 2024 ఫిబ్రవరిలో మీడియా రాసింది. అప్పటికి రెండు ప్రభుత్వాలూ బహిరంగంగా చెప్పలేదు. ఇజ్రాయెల్‌కు ఆయుధాల ఎగుమతి ఆపాలని రిటైర్డ్ అధికారులు, హక్కుల కార్యకర్తలు వేసిన పిటిషన్‌ను 2024 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది, విదేశాంగ విధానం ప్రభుత్వం పరిధిలోనిదని చెప్పింది. 2023 డిసెంబర్‌లో, తమంతట తాము చంపే ఆయుధాల ముప్పు మీద ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభలో తీర్మానం వస్తే 152 దేశాలు మద్దతిచ్చాయి. వ్యతిరేకించినవి నాలుగు: రష్యా, బెలారుస్, మాలి, భారత్. ఈ చర్చ సంప్రదాయ ఆయుధాల ఒప్పందం చట్రంలోనే జరగాలన్నది మన ప్రభుత్వ వాదన. అక్కడ ఒక్క దేశం అడ్డుపడినా నిర్ణయం ఆగిపోతుంది.

2025 మేలో భారత్, పాకిస్తాన్ మధ్య నాలుగు రోజుల ఘర్షణలో రెండు వైపులా డ్రోన్లు పెద్దఎత్తున ఎగిరాయి. టీవీ స్టూడియోలు పండగ చేసుకున్నాయి. పూంఛ్‌లో పాక్ షెల్లింగ్‌కు పౌరులు, పిల్లలు చనిపోయారు. నియంత్రణ రేఖ దగ్గర ప్రాణం పోగొట్టుకున్నవాళ్లలో శ్రీ సత్యసాయి జిల్లా తండా నుంచి వెళ్లిన ఒక అగ్నివీరుడు ఉన్నాడు. నాలుగేళ్ల ఉద్యోగం, పింఛను లేని కొలువు. సరిహద్దు ఊళ్లో చనిపోయినవాళ్లు, సరిహద్దుకు వెళ్లి చనిపోయినవాళ్లు ఇద్దరూ నిచ్చెనలో కింది మెట్ల మీదివాళ్లే.

అంబేద్కరైట్ ఉద్యమం అడగాల్సినవి స్పష్టంగా ఉన్నాయి. సందేహం పౌరుడి వైపే ఉండాలన్న నియమాన్ని భారత్ అధికారికంగా అంగీకరించి 1977 ప్రోటోకాల్‌లో చేరాలి. యంత్రం సూచించిన ప్రతి లక్ష్యానికీ పేరుతో సంతకం పెట్టే అధికారి ఉండాలి, అతడు రాసిన కారణాలు తర్వాత విచారణకు అందాలి. చనిపోయినవాళ్లను పేర్లతో లెక్కించాలి. సైనిక వయసు మగవాళ్లన్న మూట కట్టకూడదు. హైదరాబాద్‌లో తయారైన డ్రోన్ ఏ దేశానికి, ఏ షరతులతో వెళ్తోందో పార్లమెంటు ముందు పెట్టాలి. రెండు తెలుగు రాష్ట్రాల్లో రిజర్వుడు స్థానాల నుంచి గెలిచిన ఎంపీలు వచ్చే సమావేశాల్లో ఈ చివరి ప్రశ్న వేయొచ్చు. పుట్టుకను బట్టి అనుమానించే రాజ్యం కింద నలిగినవాళ్ల ఓట్లతో గెలిచిన సభ్యులు కాబట్టి ఆ ప్రశ్న ముందుగా వాళ్ల నోటి నుంచే రావాలి.